కొల్లూరు వజ్రం, షిల్లింగు టికెట్టు

1851 వేసవిలో లండన్ హైడ్ పార్కులో జరిగిన మహాప్రదర్శనలో జనం ఒక పూతబంగారు పంజరం చుట్టూ తోసుకుంటూ నిలబడేవారు. లోపల కోహినూరు. చూసినవాళ్లలో చాలామంది పెదవి విరిచారు. యూరప్ వాళ్లు ఆశించిన తళుకు ఆ రాతికి లేదు. చుట్టూ తెరలు కట్టి, గ్యాసు దీపాలు, అద్దాలు అమర్చినా జనం తృప్తిపడలేదు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ సానపనివాళ్లను రప్పించి, ఆవిరి యంత్రంతో తిరిగే సానమీద దాన్ని మళ్లీ పట్టించారు. సుమారు 186 క్యారెట్ల రాయి 105 దగ్గరకు దిగింది.

పంజాబు సిక్కు రాజు, పదేళ్ల దులీప్ సింగ్ చేత 1849లో సంతకం పెట్టించుకున్న లాహోర్ ఒప్పందంతో అది బ్రిటిష్ రాణి పరమైంది. పుట్టిల్లు మాత్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గని అని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పదిహేడో శతాబ్దంలో ఆ గని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ ఆడ, మగ, పిల్లలు కలిపి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసి, చుట్టూ పొట్టి గోడ కట్టిన మడిలో పోసేవారు. నీళ్లు పెట్టి కడిగి, ఎండబెట్టి, ధాన్యం చెరిగినట్టు చేటలతో చెరిగేవారు. ఆ చేతుల ఊసు లండన్ ప్రదర్శనలో ఎవరికి పట్టింది?

అయినా ఆ ప్రదర్శన గొప్పదే. జోసెఫ్ పాక్స్‌టన్ ఇనుముతో, గాజుతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో మే 1 నుంచి అక్టోబరు 15 దాకా అరవై లక్షల సందర్శనలు నమోదయ్యాయి. మే 26 నుంచి వారంలో నాలుగు రోజులు టికెట్టు ఒక్క షిల్లింగు. కూలీనాలీ జనం వస్తే గొడవలవుతాయని పెద్దలు భయపడ్డారు. వచ్చినవాళ్లు బుద్ధిగా వరసకట్టి, కవర్లు మడిచే యంత్రం ముందు నోరు తెరిచి నిలబడ్డారు. కదిలే యంత్రాన్ని దగ్గరగా చూడటం ఎంత పెద్ద చదువో అక్కడ తేలింది.

ఖర్చులు పోను 1,86,000 పౌండ్లు మిగిలాయి. ఆ సొమ్ముతో దక్షిణ కెన్సింగ్టన్‌లో భూమి కొన్నారు. 1857లో అక్కడ మ్యూజియం తెరిచి, సాయంత్రాలు కూడా గ్యాసు దీపాల వెలుగులో నడిపారు, పగలంతా పనిచేసేవాళ్లు రావాలని. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. 1881లో న్యాచురల్ హిస్టరీ మ్యూజియం అదే పేటలో వెలిసింది. పాత మ్యూజియం నుంచి విడివడి 1909లో సైన్స్ మ్యూజియం వేరుపడింది. 2001 డిసెంబరు నుంచి అందులో ప్రవేశం అందరికీ ఉచితం. కోహినూరును చూడాలంటే మాత్రం లండన్ టవర్‌కు టికెట్టు కొనాలి.

కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. ఆ ఒడ్డున మనకంటూ ఒక వజ్రాల మ్యూజియం కావాలి. కోహినూరు నమూనాను ఒక మూల ఉంచినా చాలు. నడిమధ్యన ఆ మట్టి మడి కట్టి, నీళ్లు పెట్టి, చేట చేతికిచ్చి బడిపిల్లల చేత చెరిగించాలి.