ముప్పైకి ఒకటి

పల్నాడుకి సముద్రం లేదు. సముద్రస్నానమంటే నరసరావుపేట, చిలకలూరిపేట జనం చీరాల దారి పడతారు. ఓడరేవులో మునకేసి, ఫొటోలు దిగి వెనక్కొచ్చేస్తారు. చీరాల నుంచి ఒంగోలు వైపు 216వ నంబరు జాతీయ రహదారి మీద లారీల రొద తెగదు. ఆ రోడ్డు వదిలి చినగంజాం మండలంలో సముద్రం వైపు తిరిగితే మోటుపల్లి. పాత గుళ్ళు, ఇసుక, ఆ వెనక అలల చప్పుడు. పేరుని బట్టి పల్లె అనే అనుకుంటాం. కాకతీయులకి మాత్రం ఇది సముద్రం మీదికి తెరిచిన వాకిలి.

ఇక్కడి వీరభద్రస్వామి గుడి స్తంభం మీద గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం ఉంది. చరిత్రకారులు అభయశాసనం అంటారు. అందులో సంగతి ఇది: ఓడలు తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే వెనకటి రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాక్కునేవారు. మేము అలా చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం. ఆ సుంకం ముప్పైకి ఒకటి. తర్వాత సరుకుల పట్టీ: చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పగడాలు, మిరియాలు...

రాజులు తమ దయని చాటుకోవడం శాసనాల్లో మామూలే. కానీ దీన్ని ఓడవాళ్ళ వైపు నుంచి చదవాలి. వాళ్ళు తుఫానుకే కాదు, ఒడ్డుకీ భయపడేవారు. ఆ భయం ఇక్కడిదే కాదు. ఇంగ్లండులో 1275 నాటి చట్టం కూడా, మనిషో కుక్కో పిల్లో ప్రాణాలతో బయటపడితేనే ఆ సరుకుని యజమాని కోసం అట్టేపెట్టమంది. గణపతిదేవుడి దయలో లెక్క కూడా ఉంది. దోచుకున్న రేవుకి రెండో ఓడ రాదు.

ఆ లెక్క ఫలించినట్టే ఉంది. మార్కో పోలో పుస్తకం ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే 'ముత్ఫిలి' అంటుంది. ఏలుతున్న రాణిని, వజ్రాలని, సాలెగూడులాంటి సన్నబట్టల్ని పొగుడుతుంది. ఆ రాణి రుద్రమదేవే అంటారు చరిత్రకారులు.

1323లో ఓరుగల్లు పడిపోయింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే ఊళ్ళో ఇంకో శాసనం వేయించి వర్తకులకి మళ్ళీ అభయం ఇచ్చాడు. వారసుల్లేని వర్తకుల సొత్తు రాజుకి చేరే పద్ధతినీ ఎత్తేశాడు. మళ్ళీ ఇవ్వాల్సొచ్చిందంటే మధ్యలో పాత మాట చెల్లకుండా పోయి ఉండాలి. రాయి అక్కడే ఉంది, మాట నిలబెట్టేవాళ్ళే లేరు.

రెడ్డిరాజుల కొండవీడు ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి అవచి తిప్పయసెట్టి సమకూర్చిన సుగంధద్రవ్యాలు ఓడల మీద వచ్చినవే. సెలవురోజుల్లో ఘాట్ రోడ్డెక్కి మనం చూసొచ్చే ఆ కోటలోకి ఒకప్పుడు సముద్రం ఇలా నడిచొచ్చింది.