మూసీ వఱద నేర్పిన రెండు పాఠములు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. ఆ వఱదలో సుమారు 15 వేలమంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజు ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి యించుమించు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఈ కథ మన మెఱిగినదే. దాని వెనుక నున్న రెండు పాఠములలో ఒకదానిని మాత్రము నేర్చి, రెండవదానిని మనము విడిచితిమి. ఆ రెండవదానిని జ్ఞప్తికి దెచ్చుటకే యిది వ్రాయుచున్నాము.

1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి మూడు పనులు అప్పగించెను: నగర పునర్నిర్మాణమునకు సలహా యొసగుట, వఱదలనుండి రక్షణోపాయము చూపుట, మురుగునీరు పోవుటకు సమగ్రమైన యేర్పాటు రచించుట. వాననీరును మురుగునీరును ఒకే యింజనీరునకు ఒకేసారి అప్పగించుటలోని వివేకమును చదువరులు గమనింతురు గాక.

నది యెగువప్రాంతమున 788 చెఱువులుండగా వానిలో 221 తెగినట్లు విచారణలో తేలెను. అవి గొలుసుకట్టు చెఱువులు. పై చెఱువు అలుగు పాఱిన నీరు క్రింది చెఱువును చేరును. పై కట్ట తెగినచో ఆ ప్రవాహమంతయు క్రింది కట్టపై బడును. అట్లయిన చెఱువులే కీడు చేసినవా? కాదు. రాతినేలయగు దక్కనులో వాననీటిని నిలిపినవి అవియే. నీరు నిలిచినచోట ఒండ్రు అడుగున దిగును, తేటనీరు నేలలో నింకి బావులలో ఊరును. మామూలు వానలకు చాలిన యా కట్టలు మేర మీఱిన వానకు నిలువలేకపోయినవి. కావున మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరమును, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. నగరమును ముంచిన నీరే నగరమునకు త్రాగునీరయ్యెను. ఇది మొదటి పాఠము: వాననీటిని తరిమివేయరాదు, నిలుపవలెను.

రెండవది, నిలిపిన నీటిలో మురుగు కలియరాదనుట. దీనికి హుస్సేన్‌సాగరమే సాక్షి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున 1562 ప్రాంతమున కట్టబడిన యా చెఱువు 1930 ప్రాంతమువఱకు త్రాగునీటి నిచ్చెను. తరువాత ఇండ్లును కర్మాగారములును పెరిగి, వాననీరు తెచ్చు నాలాలలోనికే తమ మురుగును వదలినవి. కూకట్‌పల్లి నాలా రసాయనముల విషమును గూడ మోసికొని వచ్చెను. చెఱువు చోటు మాఱలేదు, కట్ట తెగలేదు; నీరు మాత్రము నోటబెట్టరానిదయ్యెను.

ఇంతేకాదు. నేల కప్పబడిన నగరమున తొలివాన వీధులలోని నూనెను, దుమ్మును, చెత్తను కడిగి తిన్నగా నాలాలో పోయును. ఇంకుటకు మన్నులేదు, తేఱుటకు చెఱువులేదు. 2000 ఆగస్టులోను 2020 అక్టోబరులోను కురిసిన పెనువానలకు పల్లపు వాడలు మునిగినప్పుడు ఇండ్లలోనికి వచ్చినది వాననీరు మాత్రమే కాదు, మురుగును కూడ. జంట జలాశయముల చుట్టు 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద వసతులను నిషేధించుచు 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తరువు రెండవ పాఠమును గుర్తించినదే. ఆ కట్టుబాటును సడలించు ఉత్తరువు 2022లో వెలువడినది.

జలాశయములు కట్టుట ప్రభుత్వము పనియే. కాని నాలాలో మురుగు కలియుట గృహస్థుని గడపయొద్దనే మొదలగును. ఇంటి మురుగుగొట్టమును వానకాలువలో కలుపకుండుట, పెరటిలో కొంత మన్ను విడిచియుంచుట, కప్పునీటికి ఇంకుడుగుంట త్రవ్వుట మన చేతిలోనివి. పొరుగువాడు కలిపినాడుగదా యని మనమును కలిపినచో, దిగువవీథిలోని పసిబిడ్డలు త్రాగు నీటిలో మన పాలు చేరును. ఈ వానకాలమునకు ముందే మన యింటి గొట్టము ఎక్కడ తెఱచుకొనుచున్నదో ఒక్కసారి పోయి చూతము.