రంగం నుంచి కాలినడకన

1941 డిసెంబరు 23 ఉదయం రంగూన్ మీదికి జపాన్ విమానాలు వచ్చినప్పుడు జనం దాక్కోలేదు. వీధుల్లోకి వచ్చి, తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. బాంబుదాడి అంటే ఎలా ఉంటుందో వాళ్లకు అప్పటికి తెలియదు. ఆ ఒక్కరోజే వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. క్రిస్మస్ నాడు మళ్లీ బాంబులు పడ్డాయి. ఆ రెండు దాడులతో ఊరు ఖాళీ కావడం మొదలైంది. ముందుగా కదిలినవాళ్లలో రేవు కూలీలున్నారు. వాళ్లలో అత్యధికులు మన తెలుగువాళ్లు.

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా పెద్దవాళ్లు ఈ రంగూన్‌ను, అంటే బర్మాలోని నేటి యాంగోన్‌ను, ‘రంగం’ అనేవారు. పంట పోయినా, అప్పు పెరిగినా, ఇంట్లో మాట పడినా యువకుడికి తోచిన దారి రంగం ఓడెక్కడమే. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి ఓడ ఎక్కించేవాడు. అవతలి ఒడ్డున బియ్యం బస్తాలు మోయడం, ధాన్యం మిల్లుల్లో చాకిరీ, రిక్షా లాగడం, వీధులు ఊడ్చడం వాళ్ల వంతు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. నగరం భారమంతా మోసింది తెలుగువాడి భుజమంటే అతిశయోక్తి కాదు. ఆ భుజం మీద కోపమూ పెరిగింది. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగియగానే ఆ బర్మీయులను పంపేశారు. దాంతో చెలరేగిన అల్లర్లలో తెలుగువాళ్లు వీధుల్లో హతమయ్యారు. అందుకే 1941లో బాంబులు పడగానే వాళ్లకు రెండు భయాలు. ఒకటి ఆకాశం నుంచి, రెండోది పక్కవీధి నుంచి.

ఓడల్లో చోటు అందరికీ దొరకలేదు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లు ముందు ఎక్కారు. మిగిలినవాళ్లకు మిగిలింది నడక. మొదటి దారి ప్రోమ్ మీదుగా. అక్కడ ఐరావతి దాటి, అరకాన్ కొండలెక్కి, తౌంగుప్ కనుమ గుండా సముద్రతీరానికి చేరి, అక్కడి నుంచి పడవల్లో చిట్టగాంగ్ వెళ్లాలి. దారిలో నీళ్లు తక్కువ. ఉన్న నీళ్లలో కలరా. 1942 మార్చి 8న జపాన్ సేనలు రంగూన్‌లో ప్రవేశించాక రెండో దారికి రద్దీ పెరిగింది. అది చింద్విన్ నది మీదుగా తమూకు, అక్కడి నుంచి కొండలెక్కి పాలెల్, ఇంఫాల్ వైపు పోతుంది. మే నెలకు అదీ కష్టమైపోయాక మూడోది తెరుచుకుంది. హుకాంగ్ లోయ, పాంగ్సావ్ కనుమ, ఆ తర్వాత అస్సాంలోని లేడో. అప్పటికి వానలు పట్టుకున్నాయి. మోకాలి లోతు బురద, ఉప్పొంగిన వాగులు, జలగలు, మలేరియా.

ఈ మూడు దారుల్లో, సముద్రం మీదా కలిపి సుమారు 5 లక్షల మంది భారత్ చేరారని అంచనా. దారిలో చనిపోయినవారి సంఖ్య పది వేల నుంచి యాభై వేల దాకా చెబుతారు. ఇంకా ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. లెక్క రాసినవాళ్లు లేరు. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో ఈ ప్రయాణం మీద రాసిన వ్యాసంలో దాన్ని ప్రపంచం మరచిపోయిన మహాప్రస్థానంగా చూశాడు. తెలుగునాట కూడా మరచిపోయాం. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

అంత దూరం వాళ్లను నడిపించింది ఏమిటి? మారథాన్ పరుగు, ఇంగ్లిష్ ఛానల్ ఈత, ఎవరెస్ట్ ఆరోహణ వంటి సహన క్రీడల గురించి మాట్లాడేటప్పుడు శిక్షకులందరూ మనోబలాన్ని ప్రస్తావిస్తారు. దాని వెనుక శాస్త్రం ఉంది. కండ పూర్తిగా అలసిపోకముందే మెదడు ‘ఇక చాలు’ అని ఆపించేస్తుందని దక్షిణాఫ్రికా శరీరధర్మ శాస్త్రవేత్త టిమ్ నోక్స్ వాదించాడు. ప్రాణాన్ని కాపాడటానికి అది ముందుజాగ్రత్తగా పగ్గాలు లాగుతుందట. మరో శాస్త్రవేత్త సామ్యూలే మార్కోరా ఇంకో అడుగు ముందుకేశాడు. 2009లో ఆయన బృందం 16 మందిని తీసుకుని, ఒకరోజు గంటన్నరసేపు మెదడుకు పని పెట్టి, మరోరోజు ఊరికే కూర్చోబెట్టి, ఆ వెంటనే ఓపిక ఉన్నంతసేపు సైకిల్ తొక్కించింది. మామూలుగా సగటున 754 సెకన్లు తొక్కినవాళ్లు మెదడు అలసిన రోజున 640 సెకన్లకే చేతులెత్తేశారు. గుండె, కండరాలు చేసే పనిలో తేడా లేదు. ఆ పని ఎంత కష్టమనిపిస్తోందన్న భావనే పెరిగింది. తమలో తాము ఉత్సాహపు మాటలు చెప్పుకోవడం నేర్పితే అదే ఓపిక 18 శాతం పెరిగిందని 2014లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది.

ఆ లెక్కలు చదువుతుంటే నాకు రంగం రేవు గుర్తొస్తుంది. బరువు లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తుకోవడం, మిగిలినవాళ్లు అందుకోవడం, ఆ ఊపు మీద అడుగు వేయడం మన శ్రామికులకు ప్రయోగశాల నేర్పిన విద్య కాదు. జట్టుగా మోయడం, జట్టుగా తినడం వాళ్ల బతుకు పద్ధతి. అడవిలో వాళ్ల దగ్గర ఉన్న ఆస్తి కూడా అదే.

అయితే పరుగు పోటీకీ ఈ నడకకూ ఒక పెద్ద తేడా ఉంది. మారథాన్ వీరుడికి దూరం 42.195 కిలోమీటర్లని తెలుసు. ముగింపు గీత ఎక్కడుందో తెలుసు కాబట్టి ఓపికను కొలిచి ఖర్చు పెట్టుకుంటాడు. ముగింపు తెలియని పనిలో మెదడు ఆ లెక్క వేసుకోలేదు. అప్పుడే మనసు త్వరగా కుంగుతుంది. హుకాంగ్ లోయలో నడిచినవాళ్లకు ఇంకెన్ని కొండలున్నాయో తెలియదు. కాబట్టి పెద్ద దూరాన్ని పక్కనపెట్టి తర్వాతి మజిలీ ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోవాలి. ఈనాటి శిక్షకులు క్రీడాకారులకు నేర్పేదీ ఇదే. అక్కడ వేరే గతి లేక నేర్చుకోవలసి వచ్చింది.

ఒకప్పటి హిందీ సినిమాలను ఊపేసిన నర్తకి హెలెన్ రంగూన్‌లోనే పుట్టారు. తండ్రి యుద్ధంలో పోయాడు. గర్భిణి అయిన తల్లి పిల్లలతో కలిసి అస్సాం దాకా నడిచింది. దారిలో ఆమెకు గర్భస్రావమైంది. బయలుదేరిన గుంపులో సగం మందే గమ్యం చేరారని హెలెన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. పేరున్న మనిషి కాబట్టి ఆ కథ మనకు దక్కింది. అదే బాటలో నడిచిన టెక్కలి కూలీ కథ ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనోబలం ఉన్నవాళ్లు బతికారు, లేనివాళ్లు పోయారు అని రాస్తే అది చనిపోయినవాళ్లకు చేసే అన్యాయం. కలరా మనసును చూసి రాదు. నాలుగు రోజులు తిండి లేని తల్లికి ధైర్యం చెప్పి పాలు రప్పించలేం. సంకల్పం శరీరానికి కొంత గడువు ఇస్తుంది. ఆ గడువులోపు నీళ్లో, అన్నమో, మందో అందాలి. అస్సాం సరిహద్దులో తేయాకు తోటల యజమానుల సంఘం వరుసగా శిబిరాలు పెట్టి, వేడి టీ, అన్నం అందించిన చోట్ల నడక సాగింది. 1942 జూన్‌లో గైల్స్ మాక్రెల్ అనే తేయాకు వ్యాపారి పొంగుతున్న దఫా నదిలోకి ఏనుగులను దించి, మధ్యలో చిక్కుకున్న సైనికులను ఒడ్డుకు చేర్చాడు. ఆ నది దగ్గర ఏనుగులు లేకపోతే ఆ సైనికుల ధైర్యం ఎందుకూ పనికొచ్చేది కాదు.

సాయం చేయడంలోనూ రంగు చూశారు. తెల్లవాళ్లకు ఒక బాట, నల్లవాళ్లకు మరో బాట కేటాయించారన్న ఆరోపణ ఆనాడే దేశమంతటా వినిపించింది. గాంధీజీ ‘హరిజన్’ పత్రికలో దాన్ని తీవ్రంగా ఎత్తిచూపారు. కొన్ని నెలలకే వచ్చిన క్విట్ ఇండియా ఉద్యమంలోని ఆగ్రహానికి ఈ అనుభవం కూడా ఒక కారణమని నా నమ్మకం.

యుద్ధం తర్వాత కొందరు మళ్లీ రంగం వెళ్లారు. 1962లో సైన్యం అధికారం చేపట్టి, ఆపై వ్యాపారాలను జాతీయం చేయడంతో 1960ల్లో వేలమంది తిరిగి రావలసి వచ్చింది. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు అలా వెలిసిందే.   అదే రంగంలో, నేటి యాంగోన్ వీధుల్లో, 2013లో అంతర్జాతీయ మారథాన్ మొదలైంది. గెలిచినవాళ్ల సమయాలు సెకన్లతో సహా రికార్డుల్లో ఉంటాయి. అదే ఊరి నుంచి నెలల తరబడి నడిచి వచ్చిన మనవాళ్ల పేర్ల జాబితా నాకు తెలిసి ఒక్క పంచాయతీ ఆఫీసులోనూ లేదు.

1942లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దాటాయి. సోంపేట, టెక్కలి, భీమిలి, కాకినాడ చుట్టుపక్కల ఇళ్లలో ‘తాత రంగం నుంచి నడిచొచ్చాడు’ అన్న మాట మీరు విని ఉంటే, దాన్ని మాటగా వదిలేయకండి. ఏ దారిన వచ్చారు, ఎవరితో వచ్చారు, ఎవరిని దారిలో పోగొట్టుకున్నారు, ఎక్కడ అన్నం దొరికింది అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. పాత పాస్‌బుక్కు, ఫొటో, ఉత్తరం ఉంటే భద్రపరచండి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఆ గొంతులను ఈ ఏడాదే సేకరించడం మొదలుపెట్టాలి.