గోడ లోపల మల్లె అంటు

కొవ్వూరులో రైలెక్కి గోదావరి దాటడం ఎన్నిసార్లయినా ముచ్చటే. ఓ రూపాయి బిళ్ళ నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకునే లోపు రాజమండ్రి గట్టు దగ్గరపడుతుంది. ఆ ఊరనగానే మనకు పుష్కరాల రేవు, మార్కండేయస్వామి గుడి గుర్తొస్తాయి. ఇంకో పాత కట్టడం మాత్రం ఎవరమూ తలుచుకోం. అదే సెంట్రల్ జైలు.

ఒకప్పటి కోటను 1864లో జైలుగా మార్చారు. 1870లో అది సెంట్రల్ జైలయింది. మొత్తం 196 ఎకరాల స్థలంలో కట్టడాలు ఉన్నది సుమారు 37 ఎకరాల్లోనే. అంత నేల ఉండగా ఆడఖైదీలకు తోటపనికి లోటేమిటంటారా? లోటల్లా గోడే! ఆడవాళ్ళను మగఖైదీల కంటపడకుండా విడిగా ఉంచాలని 1894 జైళ్ళ చట్టం చెప్పింది. మంచి మాటే. కానీ దాంతో జైల్లో ఇంకో జైలు తయారైంది. ఏ జైల్లోనైనా గోడ బయటి పొలానికి వెళ్ళింది మగవాళ్ళే. ఆడవాళ్ళకు మిగిలింది విసరడం, చెరగడం, వడకడం. ఇంట్లో చేసిన చాకిరీయే అక్కడా!

1922లో దువ్వూరి సుబ్బమ్మగారు స్వరాజ్యం కోసం ఏడాది శిక్షపడి ఈ జైలుకే వచ్చారు. విడుదలయ్యాక ఊరు ఆవిడకు హారతి పట్టింది. రాజమండ్రిలోనే స్త్రీల కోసం విద్యాలయం పెట్టారు. మరి ఏ దొంగతనానికో, ఏ కోపంలో చేసిన తప్పుకో లోపలికి వెళ్ళిన పేరులేని ఆడమనిషికి హారతి ఎవరు పడతారు? పుట్టింటివాళ్ళు రానివ్వరు, అత్తింటివాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మనిషిని బాగుచెయ్యడం కూడా జైలు పనేనని 1919-20 నాటి జైళ్ళ కమిటీ ఒప్పుకుంది. 1965లో అనంతపురంలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం వచ్చింది. అదీ మగవాళ్ళకే. అమెరికాలోని నయాంటిక్‌లో ఆడఖైదీల కోసం వ్యవసాయ క్షేత్రం 1918లోనే పెట్టారు. మన దేశంలో పుణె ఎరవాడలో ఆడవాళ్ళ ఓపెన్ జైలు 2010లో గాని రాలేదు. చూశారా, ఎన్నేళ్ళు పట్టిందో!

తోటపని కాలక్షేపం కాదండీ. రాజమండ్రికి కూతవేటు దూరంలోనే కడియం ఉంది. అక్కడి నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్ళలో, సంచుల్లో మట్టి నింపేవాళ్ళలో, కలుపు తీసేవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు. అంటు కట్టడం చేతనైన మనిషికి ఆ పల్లెల్లో కూలి దొరుకుతుంది. శిక్ష తీరి బయటికొచ్చే ఆడదానికి కావలసింది జాలి కన్నా ముందు ఆ పనే.

ఇంకో సంగతి కూడా ఉంది. పిల్లల్ని బయట వదిలి వెళ్ళిన తల్లికి పొద్దున్నే లేచి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మల్లె అంటు నాటితే అది నీళ్ళడుగుతుంది, ఎండ అడుగుతుంది. నువ్వేం చేసి వచ్చావని మాత్రం అడగదు. మనమే అడుగుతాం.