వాహన విద్యుత్తులో ఫీడ్‌బ్యాక్ వలయాలు

ట్రాక్టరైనా, కారైనా ఇంజను ఒకే వేగంతో నడవదు. దుక్కిలో ఒక వేగం, రోడ్డుపై మరొక వేగం. బెల్టు ద్వారా తిరిగే ఆల్టర్నేటరు పుట్టించే విద్యుత్తు కూడా దానితోపాటే హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అయినను 12 వోల్టుల బ్యాటరీకి చేరే వోల్టేజీ సుమారు 14 వద్దనే నిలుస్తున్నదంటే అందుకు కారణం రెగ్యులేటరు. దీనిని ‘కటౌట్’ అనడమూ కద్దు గాని, డైనమోల కాలంలో కటౌట్ పని వేరు: బ్యాటరీ నుండి కరెంటు వెనుకకు పారకుండా ఆపడమే దాని విధి.

రెగ్యులేటరు వోల్టేజీని ఎడతెగక కొలిచి, తనలోని స్థిర ప్రమాణంతో పోల్చుతుంది. హెచ్చైతే రోటరు చుట్టలోని కరెంటును తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఫలితాన్ని చూసి కారణాన్ని సరిదిద్దే ఈ పద్ధతికే ఫీడ్‌బ్యాక్ అని పేరు. చేయి పెట్టి చూసుకుంటూ వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు కలిపే తల్లి చేసేదీ ఇదే.

వాహనంలో సెల్‌ఫోను ఛార్జరుదీ ఇదే సూత్రం. అందులోని స్విచ్చి సెకనుకు వేలసార్లు తెరుచుకొని మూసుకొంటూ 5 వోల్టులను ఇస్తుంది. చౌక ఛార్జర్లలో విరివిగా వాడిన 34063 చిప్పు ప్రమాణ వోల్టేజీ 1.25. రెండు నిరోధకాలు 5 వోల్టులలో సరిగ్గా నాలుగోవంతును చిప్పుకు చూపుతాయి. పై నిరోధకం క్రిందిదానికి మూడు రెట్లుండాలి.

చిక్కంతా ఇక్కడే. క్రింది నిరోధకం ఊడితే వోల్టేజీ పడిపోతుంది, ఫోను ఛార్జి కాదు, అంతే. పైది ఊడితే మాత్రం చిప్పుకు సున్నా కనిపిస్తుంది. అసలేమీ రావడంలేదని భ్రమపడి అది స్విచ్చిని శక్తికొలదీ నడుపుతుంది. అప్పుడు ఫోనుకు చేరేది దాదాపు బ్యాటరీ వోల్టేజీ. ఫ్యూజు, జీనరు డయోడు లేని ఛార్జరును చౌక అనడం తగదు.

రెగ్యులేటరుకూ అలవికాని సందర్భం ఒకటున్నది. అరువు బ్యాటరీతో స్టార్టు చేసి, ఇంజను నడుస్తుండగానే దానిని విప్పివేయడం అటువంటిది. ఛార్జింగు జోరుగా సాగుతున్నప్పుడు బ్యాటరీ తొలగినా, రోటరులోని అయస్కాంత క్షేత్రం వెంటనే తగ్గదు. రెగ్యులేటరు సర్దుకొనేలోపల, సెకనులో స్వల్ప భాగంపాటు, వోల్టేజీ ఎగసిపోతుంది. 12 వోల్టుల వాహనాలకు ఐఎస్ఓ 16750 ప్రమాణం నిర్దేశించిన పరీక్షలో ఈ ఎగపోటు 79 నుండి 101 వోల్టులు! డయోడ్లు, మీటర్లు, ఛార్జరు ఒక్కసారిగా పోవచ్చు. తుప్పుపట్టి వదులైన టెర్మినలు కూడా ఇదే కీడు చేయగలదు. కనుక ముందు ఇంజను ఆపాలి. ఆ తరువాతనే, నెగటివ్ టెర్మినలుతో మొదలుపెట్టి, బ్యాటరీ విప్పాలి. బిగించేటప్పుడు నెగటివ్ చివరన.