దూరదర్శన్ రాముడు, జలంధర్ చీపుర్లు: 1988లో ఏం జరిగింది?

మన దేశంలో టెలివిజన్ చరిత్ర రాసేవాళ్ళు కొన్ని సంవత్సరాలను గట్టిగా పట్టుకుంటారు. 1959లో ఢిల్లీలో మొదటి ప్రసారం. 1976లో ఆకాశవాణి నుంచి దూరదర్శన్ విడిపోవడం. 1982లో ఏషియాడ్, కలర్ టీవీ, జాతీయ కార్యక్రమం. 1991 తర్వాత డిష్‌లు, కేబుల్ వైర్లు, ప్రైవేటు చానళ్ళు. ఈ లెక్కలో 1988కి పెద్దగా చోటు దొరకదు. ఆ ఏడు కొత్త యంత్రమేదీ రాలేదు, కొత్త చట్టమేదీ రాలేదు. కానీ కులం వైపు నుంచి చూస్తే ఈ దేశపు టెలివిజన్‌కు 1988 అంతటి సంవత్సరం ఇంకోటి లేదని మా అభిప్రాయం. దళితులు టీవీ తెరమీద ఎట్లా కనిపించారు, తెరబయట వుండి తెరను ఎట్లా మార్చారు అనే రెండు ప్రశ్నలూ ఆ పన్నెండు నెలల్లోనే ఎదురెదురుగా నిలబడ్డాయి.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. అప్పటికి దేశంలో టీవీ సెట్లు కోటి దాటాయి. అందులో వాడల్లోకి వచ్చినవి ఎన్ని? మా అమ్మానాన్నల తరం చెప్పేదాన్నిబట్టి, ఊళ్ళో టీవీ అంటే పంచాయతీ ఆఫీసుదో పెద్దకులాల ఇంట్లోదో. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు కిటికీ బయట నిలబడి చూసినవాళ్ళే మావాళ్ళు. హిందీ ఒక్క ముక్క రాదు. కథ తెలిసిందే గాబట్టి భాషతో పని పడలేదు. లోపల చాపమీద కూర్చున్నదెవరు, బయట నిలబడ్డదెవరు అనేది మాత్రం కథకంటే బాగా గుర్తుండిపోయింది వాళ్ళకి.

ఆ ఏడు మొదట్లో, జనవరిలో, 'తమస్' ప్రసారమైంది. భీష్మ సాహ్ని నవలను గోవింద్ నిహలానీ తీశాడు. దేశవిభజన ముందటి పంజాబ్ కథ. మొదటి దృశ్యంలో నత్తు అనే చర్మకార కులస్థుడు ఒక పాక లోపల రాత్రంతా పందిని చంపడానికి తంటాలు పడుతుంటాడు. ఓంపురి వేశాడు ఆ పాత్ర. పశువుల డాక్టరుకు కావాలని చెప్పి ఒక కాంట్రాక్టరు డబ్బులిచ్చి చేయించిన పని అది. తెల్లారేసరికి ఆ పంది మసీదు మెట్లమీద వుంటుంది. ఊరు తగలబడుతుంది. తను చేసిన పని ఏమిటో తెలిసిన క్షణం నుంచీ నత్తు భయంతో నలిగిపోతూనే వుంటాడు, చివరికి చచ్చిపోతాడు.

దీన్ని ఆపాలని కోర్టుకెళ్ళారు. బొంబాయి హైకోర్టులో స్టే వచ్చింది. ఇద్దరు న్యాయమూర్తులు సినిమా చూసి ఆ స్టే ఎత్తేశారు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రసారానికి అడ్డులేదంది. బాగానే వుంది. అయితే ఆ గొడవంతా హిందూ ముస్లిం ఉద్రిక్తత చుట్టూనే తిరిగింది. పంది కావాలంటే ఒక చర్మకారుడి గడప తొక్కడం, అతను కాదనలేకపోవడం, నేరం చేయించినవాడు తప్పుకుని చేసినవాడు పాపం మొయ్యడం, ఇదంతా కులం గురించిన కథ కాదా? 'తమస్' మంచి సినిమానే. కానీ ఎవరో చేయించిన పనికి ఆయుధమై, ఆ నేరభావంతో చచ్చిపోయే దళితుణ్ణి చూపించడం ప్రగతిశీలురకు ఎప్పుడూ సులువే. తనకేం కావాలో తనే అడిగే దళితుణ్ణి చూపించడం వేరు. అట్లాంటి దళితులు అదే ఏడు ఆగస్టులో బయటికొచ్చారు, తెరమీద కాదు, రోడ్డుమీద.

అక్కడికి పోయేముందు బొంబాయి సంగతి చూడాలి. బాబాసాహెబ్ రచనల నాలుగో సంపుటం 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసింది. అందులో రాముడి మీదా కృష్ణుడి మీదా ఆయన వేసిన ప్రశ్నలున్నాయి. శంబుకుణ్ణి చంపడం గురించీ వుంది. శివసేన గొడవకు దిగింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1988 ఫిబ్రవరిలో బొంబాయి వీధుల్లో లక్షలమంది దళితులు ఊరేగారు. చివరికి ఈ అభిప్రాయాలతో ప్రభుత్వం ఏకీభవించడం లేదని ఒక పాదసూచిక తగిలించి పుస్తకం వుంచారు. అంటే, ఒకవైపు ప్రభుత్వ టెలివిజన్ ప్రతి ఆదివారం రాముణ్ణి ఇంటింటికీ పంపుతోంది. ఇంకోవైపు ప్రభుత్వ ప్రచురణాలయం రాముణ్ణి ప్రశ్నించిన పుస్తకానికి క్షమాపణలాంటి సూచిక జోడిస్తోంది. సీరియల్ కింద మాత్రం అట్లాంటి సూచిక ఎవరూ వెయ్యలేదు. ఇది ప్రభుత్వ అభిప్రాయం కాదు అని ఏ ఆదివారమూ చెప్పలేదు.

రామానంద్ సాగర్ 'రామాయణ్' 1987 జనవరి 25న మొదలైంది. అది ప్రైవేటు నిర్మాత సరుకు. కంపెనీలు ప్రకటనలిస్తాయి, దూరదర్శన్ సమయం అమ్ముకుంటుంది. 1984లో 'హమ్ లోగ్'తో కుదిరిన పద్ధతే ఇది. మొదట 52 భాగాలనుకున్నారు. ఆదాయం చూశాక పెంచుతూ పోయి 78 చేశారు. రాముడి వేషం కట్టిన అరుణ్ గోవిల్‌ను 1988 జూన్‌లో అలహాబాదు ఉప ఎన్నికకు కాంగ్రెస్ ప్రచారానికి తీసుకెళ్ళింది. గెలిచింది వీపీ సింగ్. మూడోస్థానంలో నిలిచిన కాన్షీరాం దాదాపు 70 వేల ఓట్లు తెచ్చుకున్నాడు. బీఎస్పీ పుట్టి అప్పటికి నాలుగేళ్ళే. టీవీ రాముడు ఓట్లు కురిపిస్తాడనే నమ్మకం ఆ రోజుకి అలహాబాదులో పనిచెయ్యలేదు. ఈ విషయం టీవీ చరిత్రకారులు ఎక్కువగా చెప్పరు. 1991లో సీతా రావణుల వేషధారులు ఇద్దరూ బీజేపీ తరఫున లోక్‌సభకు ఎన్నికైన సంగతి మాత్రం అందరూ చెబుతారు.

జులై 31న సీరియల్ ముగిసింది. రావణుడు చచ్చాడు, పట్టాభిషేకం అయిపోయింది, శుభం. ఉత్తరకాండ లేదు. అంటే సీతను అడవిలో వదిలెయ్యడం లేదు, ఆమెకు నీడనిచ్చిన వాల్మీకి ఆశ్రమం లేదు, లవకుశులకు చదువు చెప్పిన వాల్మీకి లేడు.

దీనికి పంజాబ్‌లోని జలంధర్‌లో సఫాయి కార్మికులు పని ఆపేశారు. వాళ్ళు వాల్మీకి కులస్థులు. తెలుగు పాఠకులకు ఇక్కడ కొంచెం తికమక వుంటుంది. మన దగ్గర వాల్మీకి అంటే బోయలు గుర్తొస్తారు, వాళ్ళు బీసీలు. పంజాబ్, హర్యానా, ఢిల్లీ వాల్మీకులు వేరు. రోడ్లు వూడ్చే పని, మలం ఎత్తిపోసే పని తరతరాలుగా నెత్తిన రుద్దబడిన షెడ్యూల్డ్ కులం అది. మన కోస్తా పట్టణాల్లో రెల్లి వాళ్ళను తలుచుకుంటే పోలిక అర్థమవుతుంది. కథ రాసిన మా వాల్మీకిని పక్కకునెట్టి కథ ముగిస్తారా అన్నది వాళ్ళ ప్రశ్న. ఆయన భాగం కూడా చూపించాలన్నారు. సమ్మె జలంధర్ దాటి ఉత్తరాది పెద్ద పట్టణాలకు పాకింది. అది వానాకాలం. చెత్త కుప్పలు పెరిగాయి, రోగాల భయం పట్టుకుంది. ప్రభుత్వం దిగొచ్చి అదనపు భాగాలు తీయడానికి ఒప్పుకుంది. అక్టోబరులో 'లవ్ కుశ్' ప్రసారం మొదలైంది.

ఈ దేశంలో టీవీ కార్యక్రమాన్ని మార్పించింది ప్రకటనల కంపెనీలు, మంత్రులు, అప్పుడప్పుడూ కోర్టులు. ప్రేక్షకులు ఉత్తరాలు రాస్తారు. శ్రామికులు పని ఆపి మండీ హౌస్ నిర్ణయాన్ని తిరగరాయించింది జలంధర్‌లోనే. వాళ్ళ చేతిలో వున్నది చీపురొక్కటే. దాన్ని కింద పెట్టడమే వాళ్ళ ఉత్తరం.

ఇక్కడ ఇంకో జులై 31ని గుర్తు చెయ్యాలి. 1957 జులై 31న ఢిల్లీ పంచకుయా రోడ్డు దగ్గర సమ్మెలో వున్న సఫాయి కార్మికుల వాడమీద పోలీసులు కాల్పులు జరిపారు. భూప్ సింగ్ చనిపోయాడు. 1946-47లో గాంధీ బసచేసిన వాల్మీకి మందిరం ఆ చుట్టుపక్కలే. ఆ సమ్మె కూలి కోసం, పని పరిస్థితుల కోసం. సఫాయి పని ఆపితే నేరంగా చూసే మున్సిపల్ చట్టాలు బ్రిటిష్ కాలం నుంచీ వున్నాయి, తర్వాత అత్యవసర సేవల చట్టాలు తోడయ్యాయి. అదే కులం, అదే చీపురు. జీతం అడిగినప్పుడు తుపాకి, వాల్మీకిని అడిగినప్పుడు ఎపిసోడ్లు. రాజ్యానికి ఏ కోరిక చవకో దీన్నిబట్టి తెలియడం లేదా? పట్టాభిషేకం తర్వాత ఇంకొన్ని వారాలు సీరియల్ నడిస్తే ప్రకటనల డబ్బు వస్తుందే గానీ పోదు. జీతం పెంచితే పోతుంది.

దీన్నిబట్టి ఆ సమ్మెను తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళూ వున్నారు. హిందూమతంలో ఇంకా లోతుగా ఇరుక్కోవడమే గదా అంటారు. ఈ వాదనకు బలం లేకపోలేదు. పంజాబ్ చూహ్డాలు ఒకప్పుడు లాల్‌బేగ్‌నూ బాలా షానూ కొలిచేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆర్యసమాజీకులూ ఇతర హిందూ సంస్కర్తలూ వాళ్ళను వాల్మీకి పేరుకిందికి తెచ్చే పని పెట్టుకున్నారు. జనాభా లెక్కల్లో, ఎన్నికల రాజకీయాల్లో హిందువుల సంఖ్య తగ్గకుండా చూసుకోవడం వాళ్ళ అవసరం. ఆ కులంలోనే పుట్టిన అంబేద్కర్‌వాది భగవాన్ దాస్ జీవితమంతా ఈ పేరు ఒక ఉచ్చు అని చెబుతూనే వచ్చాడు. ఆయన 'మై భంగీ హూఁ' మన కార్యకర్తలు తప్పక చదవాల్సిన పుస్తకం. పైగా సంస్కృత ఉత్తరకాండలో వాల్మీకి తాను ప్రచేతసుడి కొడుకునని చెప్పుకుంటాడు. బోయవాడు, దారిదోపిడీగాడు అనే కథలు తర్వాతవి. ఇంకో చేదు నిజం, శంబుకుడి తల తెగేదీ ఆ ఉత్తరకాండలోనే. 1920లోనే త్రిపురనేని రామస్వామి 'శంబుకవధ' చదువుకున్న తెలుగువాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. జలంధర్ కార్మికులు అడిగిన కాండలో వాల్మీకి ఆశ్రమం వుంది, శూద్ర తపస్వి శవమూ వుంది.

అయినా ఆ కొట్టిపారెయ్యడంతో మేము ఏకీభవించలేం. పేరు ఎవరిచ్చినా, దాన్ని వాడుకున్నది ఎట్లా అన్నది చూడాలి. సంస్కర్తలు వాల్మీకి పేరిచ్చింది వీళ్ళు బుద్ధిగా వూడుస్తూ వుండడానికి. వీళ్ళు ఆ పేరుతోనే వూడ్చడం మానేశారు. ఓంప్రకాశ్ వాల్మీకి ఆ ఇంటిపేరును వదలకుండానే 1997లో 'జూఠన్' రాశాడు, అందులో హిందూధర్మాన్ని ఎక్కడా వదిలిపెట్టలేదు. ఎవరి కథ ఎవరు చెప్పాలి, ఎక్కడ ఆపాలి అనే హక్కు ముంబయి నిర్మాతదా, ఢిల్లీ అధికారిదా, వీధి వూడ్చేవాళ్ళదా అన్న ప్రశ్న టెలివిజన్ ముందు మొదట పెట్టింది పండితులు కాదు. 1991లో పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన 'మెనీ రామాయణాస్' పీఠికలో ఈ సమ్మె ప్రస్తావన వుంది. తెలుగు స్త్రీల రామాయణం పాటలమీద వెల్చేరు నారాయణరావు వ్యాసం వచ్చిందీ ఆ పుస్తకంలోనే. రామాయణాలు అనేకం అని విశ్వవిద్యాలయాలు పుస్తకం తెచ్చేనాటికి, జలంధర్‌లో ఆ సంగతి పని ఆపి చెప్పి మూడేళ్ళయింది.

కానీ ఆ పని చేసినవాళ్ళ మాటలు వాళ్ళ గొంతుతో మనకు దక్కలేదు. ఎందుకు దక్కలేదో 1996లో బీఎన్ ఉనియాల్ 'పయనీర్'లో రాసిన వ్యాసం చెబుతుంది. ఢిల్లీలో కేంద్రప్రభుత్వ గుర్తింపు వున్న 686 మంది విలేకరుల జాబితా తీసుకుని చూశాడాయన. 454 మంది పేర్ల చివర కులం తోక వుంది, ఒక్కటీ దళిత కులం కాదు. మిగిలినవాళ్ళలో 47 మందికి ఫోన్ చేస్తే అక్కడా ఒక్క దళితుడు దొరకలేదు. సమ్మె జరిగినప్పుడు చెత్తకుప్పల దగ్గర ముక్కు మూసుకుని రాసినవాళ్ళు ఎక్కడివాళ్ళో దీన్నిబట్టి వూహించుకోవచ్చు.

అక్టోబరు 2న బీఆర్ చోప్రా 'మహాభారత్' మొదలైంది. గాంధీ జయంతి రోజున. నవంబరు 14న, నెహ్రూ జయంతికి, శ్యాం బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్'. దూరదర్శన్ అట్లా తేదీలు చూసుకుని కార్యక్రమాలు వేసేది. అంబేద్కర్ జయంతికి అంత పెద్ద సీరియల్ ఏదీ ఆ రోజుల్లో రాలేదు. పురాణాలు అమ్ముడుపోతాయని 1988 చివరికి పరిశ్రమకు పూర్తిగా తెలిసిపోయింది. తర్వాత ప్రైవేటు చానళ్ళు, తెలుగువి కూడా, ఆ బాటలోనే నడిచాయి.

మలం ఎత్తే పనిని నిషేధిస్తూ కేంద్రం చట్టం చేసింది 1993లో. సమ్మెకు అదనపు ఎపిసోడ్లు రావడానికి రెండు నెలలు పట్టింది, చట్టం రావడానికి ఐదేళ్ళు. దాన్ని అమలు చేయించడానికి బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళు మన రాష్ట్రంలో పొడి పాయిఖానాలను ఒక్కొక్కటే లెక్కపెడుతూ తిరగాల్సొచ్చింది. 2013లో ఇంకో చట్టం అవసరమైంది.

2020 మార్చి 28 నుంచి, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ 'రామాయణ్'ను మళ్ళీ వేసింది. తర్వాత ఉత్తర రామాయణం కూడా వేసింది. ఈసారి దాన్ని ఎవరూ అడగాల్సిన పని రాలేదు. దేశమంతా తలుపులేసుకుని టీవీ ముందు కూర్చుంది. ఎప్పుడో రోడ్డుమీద గెలుచుకున్న ఆ భాగాలు ప్రసారమవుతున్న రోజుల్లో, బయట రోడ్లు వూడుస్తున్నవాళ్ళకు వాటిని చూసే తీరిక లేదు.