వచ్చే యేడాది చూసుకుందాం

పరీక్ష తప్పిన పిల్లవాడి ఇంటికి వెళ్ళి పలకరించి రావడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? ఏమైనా అంటే తప్పు, ఏమీ అనకపోతే ఇంకా తప్పు. 2022లో షికాగో పక్కనున్న ఇవాన్‌స్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వద్దామని వెళ్ళినప్పుడు, పక్కింటావిడ విషయంలో నాకు సరిగ్గా ఈ ఇబ్బందే వచ్చిపడింది.

ఆవిడకి అరవై దాటాయి. ఒంటరి మనిషి. ఆ ఊళ్ళోనే ఉన్న నార్త్‌వెస్టర్న్ యూనివర్శిటీలో ఒకప్పుడు చదువుకుందిట. ఆ యూనివర్శిటీ రంగు ఊదా. మన భాషలో చెప్పాలంటే అచ్చం వంకాయ రంగు. ఊళ్ళో ఫుట్‌బాల్ ఆట ఉన్న ప్రతి శనివారం ఆవిడ వంకాయ రంగు కోటూ, వంకాయ రంగు టోపీ పెట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నంత సంబరంగా బయల్దేరేది. సాయంత్రం అంతే సంబరంగా తిరిగొచ్చేది. గెలిచారు కాబోలు అనుకునేదాన్ని. తీరా మా అల్లుణ్ణి అడిగితే, "గెలవడమా అత్తయ్యగారూ! ఆగస్టులో మొదటి ఆట గెలిచారు. ఆ తరవాత వరసగా పది ఓడారు. ఇంకొక్కటి మిగిలింది, అదీ ఓడితే ఈ యేటికి సమాప్తం" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు సరికదా, ఆవిడ మీద జాలేసింది. మర్నాడు పెరట్లో కనబడితే ఏం మాట్లాడాలో తెలియక మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడే కంచె దగ్గరికొచ్చి, "శనివారం చివరి ఆట. నా దగ్గర రెండు టిక్కెట్లున్నాయి, నాతో వస్తావా?" అంది.

"వెళ్ళమ్మా, నీకూ కాలక్షేపం" అంది మా అమ్మాయి. "ఓడిపోవడం చూడ్డానికి టిక్కెట్టు కూడానా!" అన్నాడు అల్లుడు.

ఆటకి వెళ్ళేముందు ఆ రెండు రోజులూ ఆవిడా, మా అల్లుడూ కలిసి నాకు చెప్పిన పాఠమే ఇప్పుడు మీకు అప్పజెపుతున్నాను. ఇది మన హైదరాబాదు కుర్రాళ్ళు కాళ్ళతో ఆడి పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ కాదు సుమండీ. బంతి గుండ్రంగా ఉండదు, వలిచిన కొబ్బరికాయలా రెండు వైపులా మొన తేలి ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు, అవతలివాళ్ళు మీద పడి పడగొడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి జరగాలి. జరిగితే ఇంకో నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. జరక్కపోతే బంతి అవతలివాళ్ళది. బంతితో అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు. అంతదూరం వెళ్ళలేమనుకుంటే, కాలితో తన్ని రెండు గుంజల మధ్యనుంచి పంపినా మూడు వస్తాయి.

ఈ ఆట పుట్టింది కాలేజీల్లోనే. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల కుర్రాళ్ళు జట్టుకి ఇరవై అయిదుమంది చొప్పున ఆడారు. రట్‌గర్స్ 6-4తో గెలిచింది. అప్పటికింకా అది బంతిని తన్నే ఆటే. 1880 నుంచి వాల్టర్ కాంప్ అనే ఆయన పూనుకుని, జట్టుకి పదకొండుమంది అనీ, ఇన్ని ప్రయత్నాల్లో ఇన్ని గజాలు జరగాలనీ నియమాలు పెట్టించాక దానికి ఇప్పటి రూపం వచ్చింది. 1896లో ఆ మధ్య రాష్ట్రాల యూనివర్శిటీలు కొన్ని ఒక కూటమి కట్టాయి. దాన్నే తరవాత 'బిగ్ టెన్' అన్నారు. మిగిలినవి చాలామటుకు ప్రభుత్వంవారి పెద్ద పెద్ద యూనివర్శిటీలు. 2022 నాటికి వాటి మధ్య మన నార్త్‌వెస్టర్న్ ఒక్కటే ప్రైవేటుది, చిన్నది, చదువుల్లో గట్టిది. తోడికోడళ్ళందరూ ఉన్నవాళ్ళింటినుంచి వచ్చి, ఒక్కతి పుస్తకాల పెట్టెతో కాపురానికొస్తే ఎలా ఉంటుంది? అలా ఉండేదన్నమాట ఆ కూటమిలో దాని సంసారం.

1976 నించి 1981 దాకా ఆరు సంవత్సరాల్లో ఆ జట్టు గెలిచినవి మూడే మూడు. ఓడినవి అరవై రెండు. ఒకటి సమానం. మా పక్కింటావిడ అక్కడ చేరింది 1978లో, పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది 1982 వేసవిలో. ఆ నాలుగేళ్ళలో జట్టు గెలిచింది 1979లో ఒక్క ఆట! "ఆ ఒక్కటైనా చూశావా?" అని అడిగాను. "లేదు. ఆ వారం మా అక్క పెళ్ళికి ఊరెళ్ళాను" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆ గెలుపు తరవాత మొదలైంది ఓటముల పరంపర. 1979లో మిగిలిన తొమ్మిదీ పోయాయి. 1980లో పదకొండుకి పదకొండూ పోయాయి. 1981లో మళ్ళీ పదకొండూ. మధ్యలో, 1981 నవంబరు 7న మిచిగన్ స్టేట్ చేతిలో 61-14తో ఓడినప్పుడు అది వరసగా ఇరవై తొమ్మిదో ఓటమి. అంతకుముందు పెద్ద కళాశాలల జట్లలో అన్ని ఆటలు వరసగా ఓడినవాళ్ళు లేరు. అప్పుడు విద్యార్థులేం చేశారనుకున్నారు? తలలు వంచుకుని ఇళ్ళకి పోలేదు. మైదానంలోకి దూకి, 'అందరికన్నా అధ్వాన్నం మేమే' అని అరుచుకుంటూ గోల్‌పోస్టులు పీకేశారు, కప్పు గెలిచినవాళ్ళలాగా!

ఆ ఊరి పక్కనుంచి షికాగో వైపు పోయే పెద్ద రోడ్డు నంబరు 94. 'ఇంటర్‌స్టేట్ 94, నార్త్‌వెస్టర్న్ 0' అని రోడ్డు కూడా వాళ్ళని ఓడించినట్టు ఒక జోకు పుట్టింది. దాన్ని అందరికన్నా ఎక్కువ చెప్పుకుని నవ్వుకున్నవాళ్ళు వాళ్ళేట. ఆ రోజు గోల్‌పోస్టు పట్టుకున్నవాళ్ళలో పక్కింటావిడ కూడా ఒకతె. గుంజకి అవతలి పక్క పట్టుకున్న కుర్రవాడినే తరవాత పెళ్ళి చేసుకుంది. ఓటమి మూలంగా కుదిరిన సంబంధం అదొక్కటే కాబోలు!

ఇద్దరూ చదువు ముగించి జూన్‌లో బయటికొచ్చారు. సెప్టెంబరులో మళ్ళీ ఆటలు మొదలై మొదటి మూడూ పోయాయి. అంటే మొత్తం ముప్ఫై నాలుగు. 1982 సెప్టెంబరు 25న నార్తర్న్ ఇలినాయ్ మీద 31-6తో గెలిచారు. అప్పటి కోచ్ డెన్నిస్ గ్రీన్, బిగ్ టెన్‌లో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి మనిషి. విద్యార్థులు ఈసారి గోల్‌పోస్టులు పీకి ఊరుకోలేదు. వీధి వెంట సుమారు మైలు దూరం మోసుకుపోయి మిచిగన్ సరస్సులో పడేశారు, మనం వినాయకుణ్ణి నిమజ్జనం చేసినట్టు. మూడు నెలలు ఆలస్యంగా పట్టా తీసుకుని ఉంటే ఆవిడా అక్కడుండేది. "బాధపడ్డావా?" అంటే, "బాధెందుకు? ఆ రాత్రి మేమిద్దరం ఒక నిర్ణయానికొచ్చాం, ఇక ఒక్క యేడాది కూడా వదలకూడదని" అంది.

అప్పటినుంచీ యేటా రెండు సీట్లు కొన్నారు. అలాగని గెలుపులు వచ్చిపడ్డాయా అంటే, లేదు. 1972 మొదలుకుని 1994 దాకా ఇరవై మూడేళ్ళలో ఒక్క యేడాది కూడా ఓటములకన్నా గెలుపులు ఎక్కువ లేవు. 1992లో గారీ బార్నెట్ అనే కోచ్ వచ్చీ రాగానే, ఈ జట్టుని పాసడీనా తీసుకెళ్తానన్నాడు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో జనవరి మొదటి తారీఖున జరిగే 'రోజ్ బౌల్' ఆట అక్కడివాళ్ళకి తిరుపతి యాత్రలాంటిది. నార్త్‌వెస్టర్న్ అక్కడ అడుగుపెట్టింది 1949లో ఒక్కసారే. విన్నవాళ్ళు నవ్వుకున్నారు. మొదటి మూడేళ్ళూ నవ్వినట్టే అయింది కూడా.

నాలుగో యేడు, 1995 సెప్టెంబరు 2న, దేశమంతా పేరున్న నోటర్‌డామ్‌ని వాళ్ళ ఊళ్ళోనే 17-15తో ఓడించారు. మరుసటి ఆటే ఒక చిన్న జట్టు చేతిలో 30-28తో ఓడారు. ఇంకేముంది, పాతకథే అనుకున్నారు జనం. ఆ తరవాత ఒక్కటీ ఓడలేదు! అయినా పాసడీనా వెళ్ళడం వాళ్ళ చేతిలో లేకపోయింది. నవంబరు 25న మిచిగన్ జట్టు ఒహాయో స్టేట్‌ని ఓడించాలి. మన పిల్లవాడికి సీటు రావాలంటే ఇంకెవరో వదులుకోవాలన్నట్టు, ఊరు ఊరంతా టీవీల ముందు కూర్చుని, ఎన్నడూ లేనిది మిచిగన్‌వాళ్ళు గెలవాలని మొక్కుకుంది. మిచిగన్ 31-23తో గెలిచింది. అలా నలభై ఏడేళ్ళ తరవాత పాసడీనా వెళ్ళారు. 1996 జనవరి 1న అక్కడ సదరన్ కాలిఫోర్నియా చేతిలో 41-32తో ఓడిపోయారు. "ఓడారు కదా!" అన్నాను. "ఓడినా పాసడీనాలో ఓడాం" అంది గర్వంగా.

ఇక శనివారం సంగతి. నవంబరు 26. 1926లో కట్టిన స్టేడియం అది. ఇలినాయ్ జట్టుతో ఆట. గెలిచినవాళ్ళకి అబ్రహాం లింకన్ టోపీ ఆకారంలో ఒక బహుమతి ఇస్తారు. చివరి యేడు చదివే ఆటగాళ్ళని వాళ్ళ తల్లిదండ్రులతో సహా మైదానంలోకి పిలిచి సత్కరించడం ఆ రోజు ఆనవాయితీ. అంతంత ఎత్తు మగపిల్లలు వంగి తల్లులని కావలించుకుంటుంటే, అప్పగింతలప్పటిలా నాకు గొంతు పట్టేసింది.

ఆవిడ నన్ను తన ఎడమపక్క కూర్చోబెట్టింది. అది ఎవరి సీటో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆయన పోయి మూడేళ్ళయినా రెండు సీట్లూ ఆవిడ మానలేదు. చేతిసంచీ ఆ సీట్లో పెట్టుకుని కూర్చుంటుందిట.

ఆట మొదలవబోతుంటే, "తాళాలున్నాయా?" అని అడిగింది. అక్కడ బంతిని మొదట తన్నే ముందు అందరూ తాళంచెవులు తీసి గలగలలాడిస్తారు. నా సంచీలో బెజవాడలో మా ఇంటి తాళాలగుత్తి ఉంది. బీరువాది, వంటింటిది, మేడమీదిది అన్నీ కలిపి పదకొండు. పదమూడు వేల కిలోమీటర్ల దూరం మోసుకొచ్చినందుకు మా అమ్మాయి చేత చీవాట్లు తిన్నాను. తీసి ఆడించేసరికి ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు! "ఇంత మంచి తాళాలు ఈ స్టేడియంలో ఎవరికీ లేవు" అని ఆవిడ మురిసిపోయింది.

తాళాలు ఎంత ఆడించినా లాభం లేకపోయింది. 41-3. ఆ మూడూ కాలితో తన్ని తెచ్చుకున్నవే. లింకన్‌గారి టోపీ అవతలివాళ్ళు పట్టుకుపోయారు. జనం సగంలోనే లేచి వెళ్ళిపోతున్నారు. మేం చివరిదాకా కూర్చున్నాం.

ఉండబట్టలేక అడిగేశాను, "ఓడతారని తెలిసీ ఎందుకమ్మా వస్తావు?" అని.

ఆవిడ మైదానంలోకి చూపించింది. "ఆ పిల్లలు నాలుగేళ్ళుండి వెళ్ళిపోతారు. ఈ ఓటమిని వాళ్ళతోపాటు సాగనంపాలి కదా, అందుకు చివరి ఆట మానను. ఆగస్టులో కొత్తపిల్లలొస్తారు. వాళ్ళు ఇంకా ఒక్క ఆట కూడా ఓడలేదు" అంది. ఆ తరవాత వేళ్ళు లెక్కపెట్టి, "ఇంకా తొమ్మిది నెలలుంది" అంది.

తొమ్మిది నెలలు! ఆ మాటతో నాకు అంతా అర్థమైపోయింది. మనకి కొత్తేం కాదు కదా ఆ లెక్క! కనబడని బిడ్డమీద ఎన్ని ఆశలు పెట్టుకుంటాం మనం! పోయినసారి ఏమైందన్నది ఈ బిడ్డకి తెలియదు. కాలేజీ ఆటలో ఉన్న గొప్పంతా అదే. ఆడేవాళ్ళు యేటా మారిపోతారు. ఎప్పుడూ ఉండిపోయేది ఆశపడేవాళ్ళే. గెలుస్తామన్న నమ్మకం ఆవిడకి ఉందో లేదో నాకు తెలియదు. వచ్చే యేడాది కూడా వస్తానన్న మాట మాత్రం ఉంది. ఆ మాట ఇద్దరు కలిసి అనుకున్నది. ఒకరు లేకపోయినా రెండోవాళ్ళు నిలబెడుతున్నారు.

నేను తిరిగొచ్చేశాక, 2023లో, ఆటలు మొదలవడానికి కొద్దివారాల ముందు జట్టుకి కోచ్ మారాడు. అంతకుముందు ఎక్కడా ప్రధాన కోచ్‌గా చేయని డేవిడ్ బ్రాన్‌ని నిలబెట్టారు. ఈసారి ఒక్కటీ గెలవరనుకున్నారు చాలామంది. పన్నెండింట్లో ఏడు గెలిచారు. డిసెంబరులో లాస్ వెగాస్‌లో యూటా మీద 14-7తో ఎనిమిదోదీ గెలిచారు. మా అమ్మాయి ఫోన్లో చెబుతుంటే, వెనకనుంచి ఆవిడ కేకలు నాకు ఇక్కడికి వినిపించాయి.

2024లో ఆ పాత స్టేడియం కూలగొట్టి, అదే చోట కొత్తది కట్టడం మొదలుపెట్టారు. ఆవిడ సీట్లు రెండూ పోయాయి. నాకు మనసులో కలుక్కుమంది. ఆవిడ మాత్రం, "ఇప్పుడు సరస్సు ఒడ్డున తాత్కాలికంగా ఆడుతున్నారు. గోల్‌పోస్టు ఈసారి మైలు దూరం మొయ్యక్కర్లేదు" అని కబురు పంపింది. ఆ యేడు జట్టు నాలుగు గెలిచి ఎనిమిది ఓడింది. టిక్కెట్లు మాత్రం రెండే కొంది.

అక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి ఆట అంటే ఇక్కడ రాత్రి పదిన్నర. సీజన్లో మొదటి శనివారం ఆ వేళకి నేను తాళాలగుత్తి తీసి నాలుగుసార్లు ఆడిస్తాను. "ఈ వేళప్పుడు ఏ బీరువా తీస్తున్నావే?" అంటారు మావారు పడకగదిలోంచి. ఏం చెప్పను? కొత్తపిల్లలొచ్చారండీ, ఇంకా ఒక్కటీ ఓడలేదు అంటాను.